డేగకళ్ళాయన దగ్గు

ఆస్పత్రి ల్యాబులో ఆయన్ని అందరూ డేగకళ్ళాయన అనేవారు. కఫం పూసి రంగు వేసిన గాజుపలకను మైక్రోస్కోపు కింద పెడితే చాలు, క్షయ క్రిములు ఎర్రటి సన్నపుల్లల్లా ఏ మూల నక్కినా పట్టేసేవాడు. అందుకే పక్కగదిలోకి కొత్త యంత్రం వచ్చిన రోజు మొహం మాడ్చుకున్నాడు. దానికి చూపుతో పనిలేదు. కఫంలో క్రిమి జన్యుపదార్థం ఉంటే పూట తిరక్కుండా చెప్పేస్తుంది.

"మనిషి కన్నును మించిన మిషను ఉంటుందా?" అన్నాడు, దాన్ని నడిపే అమ్మాయితో.

"చూద్దాం బాబాయ్," అందామె.

పెద్ద డాక్టరూ అదే అన్నాడు. ప్రతి కఫాన్నీ రెండు పద్ధతుల్లోనూ చూసి, మిగిలింది క్రిములు పెరిగే సీసాలో వేయమన్నాడు. సీసా చెప్పిందే తుదితీర్పు. కాకపోతే అది నోరు విప్పడానికి వారాలు పడుతుంది.

పోటీలో గెలవాలన్న తాపత్రయంలో ఆయన తన దగ్గును పట్టించుకోలేదు. ప్యాంటు వదులవుతుంటే నాజూగ్గా తయారయ్యానని మురిసిపోయాడు. భార్య ఊరుకోలేదు.

"ఊరందరి కఫమూ చూస్తారు, మీది చూసుకోరేం?"

ఆ పోరు పడలేక చూసుకున్నాడు. పలకను అటూ ఇటూ జరిపి మధ్యాహ్నం దాకా వెతికాడు. ఒక్క పుల్లా కనబడలేదు. "నేను లేదన్నానంటే లేనట్టే," అని విజయగర్వంతో దగ్గాడు.

యంత్రం మాత్రం ఉందంది.

"దీనికి మతి లేదని ముందే చెప్పానా!" అని సంబరపడ్డాడు.

అమ్మాయి నవ్వలేదు. "క్రిములు తక్కువుంటే పలక మీద దొరకవు బాబాయ్. ముందు డాక్టరు గారి దగ్గరికి నడవండి."

"సీసాని తేల్చనీ."

క్యారియర్ పట్టుకొచ్చి గుమ్మంలో నిలబడ్డ భార్య అంతా వింది. "అది తేల్చేదాకా మీరు దగ్గుతూ కూర్చుంటే ఇంట్లో మాకు అంటుకోదూ?" అంది.

ఆ మాటకు ఆయన నీరుగారిపోయాడు. ఎక్స్‌రే చూసిన డాక్టరు ఆ రోజే మందులు మొదలుపెట్టాడు.

కొన్ని వారాలకు ఆయన కఫం వేసిన సీసాలో క్రిములు లేతపసుపు బుడిపెల్లా మొలిచాయి. ఫలితాలు చెప్పే సమావేశంలో పెద్ద డాక్టరు, మైక్రోస్కోపుకు దొరక్కుండా యంత్రానికి దొరికిన ఒక రోగిని పేరెత్తకుండా వర్ణించాడు. తలలన్నీ డేగకళ్ళాయన వైపు తిరిగాయి.

"తేల్చింది సీసా కదండీ, మిషను కాదుగా," అన్నాడాయన లేచి.

మందులు పూర్తయ్యేసరికి బుగ్గలు నిండాయి. చచ్చిన క్రిముల ఆనవాళ్ళకు కూడా యంత్రం ఉందనేస్తుందని ఇప్పటికీ అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెబుతుంటాడు. ఆమధ్య భార్యకు దగ్గొస్తే మాత్రం, ఆమె కఫం డబ్బీ పట్టుకుని తన మైక్రోస్కోపును దాటుకుంటూ నేరుగా పక్కగదికి వెళ్ళాడు.

"లేదంటోంది బాబాయ్," అంది అమ్మాయి.

"సరిగ్గా చూసిందా? ఇంకోసారి అడుగు," అన్నాడు.