ఆకుపచ్చ గౌను ఫొటో ఎవరిది?

టేపక్క మెడలో కొలతల టేపు లేకుండా వీధిలో ఎవరూ ఆవిడని చూడలేదు. అన్నం తినేటప్పుడూ అది మెడలోనే ఉంటుంది, కూరలో కొస మునిగితే తుడుచుకుని మళ్లీ వేసుకుంటుంది. అసలు పేరేమిటో ఎవరికీ తెలీదు, తెలుసుకోవాలని ఎవరికీ తోచనూ లేదు. ఎదురొచ్చే మనిషి మొహం కంటే ముందు భుజాలు చూసే అలవాటు ఆవిడది. "ఫలానా ఆయన" అంటే గుర్తుపట్టదు. "ఎడమ భుజం కాస్త దిగి ఉంటుందే, ఆయన" అంటే మాత్రం "ఓ, ఆయనా!" అంటుంది.

ఇల్లంతా కలిపి రెండు గదులు. ముందు గదిలో కుట్టుమిషను, ఇస్త్రీ బల్ల, గోడ కొక్కేలకి సగం కుట్టిన గౌన్లు. వెనక గదిలో పొయ్యి, రెండు మంచాలు, ముందు గదిలో పట్టని గుడ్డల మూటలు. పడుకోవాలంటే మూటల్ని మంచం మీంచి దించాలి, పొద్దున లేచాక మళ్లీ ఎక్కించాలి. ఆవిడతో ఉండేది చెల్లెలు ఒక్కతే. పళ్ల డాక్టరు దగ్గర, వచ్చినవాళ్ల పేర్లు రాసుకుని వరసలో కూర్చోబెట్టే ఉద్యోగం ఆ పిల్లది. బొత్తిగా నెమ్మదస్తురాలు. టేపక్క పది మాటలు మాట్లాడితే తను ఒకటి మాట్లాడుతుంది, అదీ చాలాసార్లు "ఊఁ" అనే.

టేపక్క చేతిలో పుట్టినవాటన్నిటిలోకీ గొప్పది ఒక ఆకుపచ్చ గౌను. చేతుల దగ్గర ఆవిడే కనిపెట్టిన కొత్తరకం కుచ్చు, నడుం దగ్గర ఎంత వెతికినా కనపడని కుట్టు. దాన్ని ఫొటో తీయించి ముందు గది గోడకి పెట్టాలని ముచ్చటపడి వీధి చివరి ఫొటోగ్రాఫర్ని పిలిచింది. ఆయన్ని అందరూ గడ్డందించు అంటారు. ఎవరు ఎదురుగా కూర్చున్నా "గడ్డం కొంచెం దించండి" అనకుండా ఆయన ఫొటో తీయడు మరి.

గౌను చెల్లెలికి తొడిగింది. షాపుల్లో పెట్టే బొమ్మ కొనే తాహతు లేని రోజుల నుంచీ, ఏది కుట్టినా ముందు ఎక్కేది చెల్లెలి ఒంటిమీదకే. "కిటికీ దగ్గర నిలబడవే" అంటే నిలబడింది. గడ్డందించు వెలుతురు కోసం ఇంట్లో సామానంతా అటూ ఇటూ జరిపించాడు, ఒక తెల్లగుడ్డ ఎదురుగా కట్టించాడు, తలుపు సగం మూయించాడు, చివరికి ఒక ఫొటో తీశాడు. అది చూసి టేపక్కకి నోట మాట రాలేదు. ఆవిడకి నోట మాట రాకపోవడం అదే మొదటిసారని చుట్టుపక్కలవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఫొటో చేతికిచ్చి, ఫోనుకీ పంపి, ఆయన ఒక మాట చెప్పాడు, కాగితం మీద సంతకమూ పెట్టించుకున్నాడు. "ఇది మీ గోడకీ, మీ కుట్టుపని కార్డు మీదకీ అమ్మా. ఇంకెక్కడైనా వాడాలంటే నన్ను అడగండి." అప్పుడు టేపక్క పెదాల మధ్య గుండుసూదులున్నాయి. ఏమన్నాడో సగం విని, "ఊఁ ఊఁ" అని గిలికేసింది.

తర్వాత ఒకరోజు పెద్దబజారులోని బట్టల షాపాయన బిగుతైన చొక్కా వదులు చేయించుకోవడానికి వచ్చి, గోడ మీద ఫొటో చూసి కదల్లేదు. తన కొత్త బోర్డు మీద అదే వేయిస్తానన్నాడు. అంతటితో ఆగలేదు. "మా షాపు కుట్టుపనంతా మీకే ఇస్తాను టేపక్కగారూ. మేడ మీద గది ఖాళీగా ఉంది, మిషన్లు అక్కడ వేసుకోండి" అన్నాడు. మేడ మీద గది! నాలుగు కిటికీలు, గుడ్డలకి బీరువాలు, పరిచి కత్తిరించుకోవడానికి మంచం కాని అసలైన బల్ల. టేపక్కకి నెత్తిన పాలు పోసినట్టయింది. ఆయన గుమ్మం దాటకముందే ఫొటోని ఫోనులోంచి పంపేసింది.

పంపేముందు మాత్రం చెయ్యి ఊరుకోలేదు. ఫొటో కింది మూల చిన్న అక్షరాలతో గడ్డందించు పేరుంది. బయటికి వేలాడే దారప్పోగు కనిపిస్తే ఆవిడ కత్తెర ఆగదు. ఆ మూల కూడా ఆవిడ కంటికి అలాగే కనిపించింది. శుభ్రంగా కత్తిరించేసి, హాయిగా ఊపిరి పీల్చుకుంది.

బోర్డు లేచింది. మేడ ఎత్తున చెల్లెలు, ఆకుపచ్చ గౌను, కుచ్చుతో సహా. టేపక్క వెళ్లి బోర్డు కింద నిలబడి, దారినపోయేవాళ్లకి "ఆ కుట్టు నాదే" అని చెప్పుకుని వచ్చింది. ఇంటికొచ్చేసరికి గుమ్మంలో గడ్డందించు ఉన్నాడు.

"బోర్డు చూశానమ్మా."

"బాగుంది కదండీ! అంతా మీ చేతి చలవే."

"నా చెయ్యి ఉందని అక్కడ ఎవరికి తెలుస్తుంది? పేరు కోసేశారు కదా."

ఆయన కేకలేసి ఉంటే టేపక్కకి సులువయ్యేది. కేకల్లో ఆవిడకి సాటిలేరు. ఆయన మొహం చిన్నబుచ్చుకుని స్టూలు మీద కూర్చున్నాడు.

"ఫొటో మీద హక్కు నాదమ్మా, ఆవేళ కాగితంలో అదే రాసుకున్నాం. మీకిచ్చింది వాడుకునే అనుమతి. మీ గోడకి, మీ కార్డుకి. బట్టల షాపు బోర్డుకి కాదు."

"గౌను నాది. ఇల్లు నాది. చెల్లెలు నాది. మీరడిగిన డబ్బు ఇచ్చేశాను. మీరు నొక్కింది ఒక్కసారి. ఇంక మీదేం మిగిలిందండీ?"

"ఫొటో మిగిలింది."

టేపక్క తల గోక్కుంది. "చూడండి. ఒకావిడ గుడ్డ తెస్తుంది, నేను కుడతాను, కూలి ఇస్తుంది, గౌను పట్టుకెళుతుంది. అది వేసుకుని ఎక్కడికి వెళ్తావని నేను అడుగుతానా?"

గడ్డందించు కూడా కాస్త తికమకపడ్డాడు. ఆలోచించి అన్నాడు: "ఆవిడ ఆ గౌను చూపించి, అచ్చం అదే కుచ్చుతో వంద గౌన్లు కుట్టించి అమ్ముకుంటే?"

"ఊరుకుంటానా! ఆ కుచ్చు నాది!"

"గౌను ఆవిడదే కదమ్మా."

"ఆవిడదే. కానీ..." అని టేపక్క ఆగిపోయింది. బుర్ర గిర్రున తిరిగింది. గౌను ఆవిడది, కుచ్చు నాది. ఒక్క గుడ్డలో రెండు ఎలా ఉంటాయి? ఉండకూడదు. కానీ ఉన్నాయి.

"నేను బోర్డు దించమనడం లేదు" అన్నాడు గడ్డందించు. "షాపాయన నన్ను అడగాలి. ఆ ఒక్క బోర్డుకని, ఇన్నాళ్లకని కాగితం రాసుకోవాలి. నా పేరు మళ్లీ మూల పెట్టాలి. నాకంతే చాలు. అయితే ఫొటోలో ఉన్న అమ్మాయి కూడా ఒప్పుకోవాలి. మొహం ఆ అమ్మాయిది. దానికి ఒప్పుకోలు నేనివ్వలేను, మీరూ ఇవ్వలేరు."

"ఫొటో నా దగ్గరుంది, హక్కు మీ దగ్గరుంది, మొహం దాని దగ్గరుంది" అంది టేపక్క వేళ్లు మడుస్తూ. "మరి షాపాయన దగ్గర ఏముందండీ?"

"అదే నేనూ అడుగుతున్నాను."

సంగతి విని షాపాయన కంగారుపడ్డాడు. గొడవల్లోకి వెళ్లే మనిషి కాదు. గడ్డందించుని పిలిపించి, మాట్లాడుకుని, కాగితం రాయించాడు. ఇద్దరూ సంతకాలు పెట్టారు. ఆ కాగితం టేపక్క చేతికిచ్చి, "మీ చెల్లెలి సంతకం తెచ్చి ఇవ్వండి, గది తాళం పట్టుకెళ్లండి" అన్నాడు.

టేపక్కకి కాలు నేల మీద నిలవలేదు. కష్టమంతా గడ్డందించుతోనే అనుకుంది, అదీ గట్టెక్కింది. చెల్లెలి సంతకానికేం, అది ఇంట్లో ఉండేదేగా. సాయంత్రం చెల్లెలు వచ్చి చెప్పులు విప్పుతుంటేనే కాగితం ముందుకి తోసింది.

"ఇదుగో, ఇక్కడ గిలకవే."

చెల్లెలు మంచం అంచున కూర్చుని, కాగితం మొదటి నుంచి చివరిదాకా చదివింది. ఆ ఇంట్లో ఒక కాగితాన్ని అంతా చదివిన మనిషి తనే. చదివి, పెన్నుకి మూత పెట్టేసింది.

"నేను పెట్టనక్కా."

టేపక్క నవ్వింది. చెల్లెలు నవ్వకపోయేసరికి ఆవిడ నవ్వు సగంలో ఆగింది.

"వేళాకోళమా? షాపాయన నాకోసం కూర్చున్నాడే."

"వేళాకోళం కాదు. మా డాక్టరు దగ్గరికి వచ్చినవాళ్లంతా మొహంలోకి చూసి, బోర్డు మీదున్నది మీరేనా అంటున్నారు. ఒకాయనైతే పన్ను నొప్పి లేకుండానే వస్తున్నాడు. నేను బజారు వీధిలోంచి రావడం మానేశాను. సందులు తిరిగి వస్తున్నాను."

"మరి నాతో చెప్పవేం?"

"నువ్వు అడిగావా?"

టేపక్క కాగితం చేతిలోకి తీసుకుని మళ్లీ మంచం మీద పెట్టింది. "నిలబడమంటే నిలబడ్డావు కదే! నవ్వావు కూడానూ!"

"నీ గోడకని నిలబడ్డాను. నిన్ను చూసి నవ్వాను. బజారుకని చెబితే నిలబడేదాన్ని కాదు."

గడ్డందించు అంతసేపు కూర్చుని చెప్పినా ఎక్కనిది అప్పుడు ఎక్కింది. గోడకిచ్చింది గోడకే. టేపక్కకి సిగ్గేసింది, ఏడుపొచ్చింది, వాటితోపాటు గది పోతుందన్న కోపమూ తన్నుకొచ్చింది. ఎవరి మీద కోప్పడాలో అర్థంకాక మూటల్ని మంచం మీంచి ధబధబా దించింది. బతిమాలితే చెల్లెలు ఒప్పుకుంటుందని ఆవిడకి తెలుసు. చెల్లెలు ఎప్పుడూ ఒప్పుకుంటుంది. "నా కోసమే" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని ఎలా మింగిందో ఆవిడకే తెలియాలి.

పొద్దున్నే షాపు తెరిచే వేళకి వెళ్లి, బోర్డు దించమంది.

"ఫొటోగ్రాఫర్ ఒప్పుకున్నాడుగా?" అన్నాడు షాపాయన.

"మా చెల్లెలు ఒప్పుకోలేదండీ."

"బోర్డు లేకపోతే గది మాట కూడా ఉండదు మరి. ఇంకెవర్నయినా చూసుకుంటాను."

"చూసుకోండి."

షాపాయన విస్తుపోయి చూశాడు. "ఇదేం చోద్యమండీ! బయటివాళ్లనే ఒప్పించుకొచ్చారు. ఆ అమ్మాయి ఇంట్లో మనిషే కదా!"

"ఇంట్లో మనిషేనండీ" అంది టేపక్క. "అందుకే ఎవరం అడగలేదు."