చవక మోడల్‌లో పెండ్లికొడుకు

మా అక్క పెండ్లిలో బ్యాండు వాళ్లు వాయించడం మానేసి ప్రాణాలు అరచేత పట్టుకుని పరుగెత్తిన వైనాన్ని మా బంధువులు తలా ఒక రకంగా చెబుతారు. అసలు సంగతి నేనే చెప్పాలి. స్టీరింగు నా చేతిలో ఉంది మరి!

మా చిన్నాయనకు రెండో ప్రపంచ యుద్ధానికి ముందుదైన విలాయతి కారు ఒకటి ఉండేది. ఆదివారం పొద్దున దాన్ని పాత పంచె గుడ్డతో ఆయన తుడుస్తుంటే పసిబిడ్డకు నలుగు పెడుతున్నట్టుండేది. తర్వాత పిల్లలందరినీ ఎక్కించుకుని పక్క ఊరు మోక దాకా తిప్పేవాడు. ఆ తోలు సీట్ల వాసన తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఆదివారమే.

పెండ్లికొడుకును ఊరేగించే మెరవణికి ఆ కారే అనుకున్నారు. చిన్నాయనకు మోకాలి నొప్పి. నేను నడుపుతానన్నాను.

“జాగ్రత్తప్పా. దీనికి నడిమి పెడలు యాక్సిలేటరు. బ్రేకు కుడిపక్క ఉండాది. మర్సిపోవద్దు.”

“తెలుసులే చిన్నాయనా!”

నాకు తెలిసింది కారు చరిత్ర. ఫోనులో చదివి చదివి గొంతు దాకా నిండి ఉన్నాను. మా ఊరి కౌల్ బజార్‌లో ముందు బ్యాండు, వెనక సీట్లో పెండ్లికొడుకు, నా పక్కన కురుగోడు నుంచి వచ్చిన ఆయన తండ్రి, పెద్ద తలపాగాతో.

“మామా, ఈ కంపెనీ రాజులకు కార్లు చేస్తాండె.”

మామ మీసం దువ్వుకున్నాడు. అక్కడితో మాట ఆపి ఉంటే నేను మనిషినే!

“తర్వాత జనాల చేతిలో దుడ్డు ఆడల్యా. పెద్ద బండ్లు అమ్ముడుపోల్యా. అప్పుడు డాక్టర్లు, లాయర్లు సొంతంగా నడుపుకునేకి ఈ చిన్న మోడల్ తీసినారు. దీంతోనే కంపెనీ బతికె!”

“అంటే?”

“అంటే... వాళ్ల బండ్లల్లో ఇదే చవక, మామా.”

మీసం మీద చెయ్యి ఆగిపోయింది.

“ఏందీ! మా పిల్లోనికి చవక బండి తెస్తిరా? ఆపప్పా, దిగుతాం!”

“నాయనా, సుమ్నె కూర్చో, గలాటా వద్దు,” అని వెనక నుంచి పెండ్లికొడుకు బతిమాలాడు.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కొత్త డ్రైవరు బ్రేకెరగడు. కంగారులో నడిమి పెడలు మీద కాలేసి తొక్కాను. కట్టు తెంచుకున్న కోడెలా కారు దూకింది. హారన్ కొడుతూనే ఉన్నాను. డోలు ఒక అంగట్లో దూరింది, బాకా సందులో దూరింది. అదృష్టం, ఎవరికీ గోరంత దెబ్బ తగల్లేదు. కల్యాణమంటపం వాకిట్లో కట్టిన అరటి బోదెలను గుద్ది, షామియానాను ముసుగేసుకుని బండి ఆగింది. హారతి పట్టాల్సిన అత్తలు లోపల ఇంకా జడలు వేసుకుంటున్నారు.

చిన్నాయన కుంటుతూ వచ్చాడు. మనుషులందరినీ చూసుకున్నాక హెడ్‌లైటు నిమిరాడు.

“ఏడవద్దులేప్పా. యుద్ధాన్నే చూసిన బండి ఇది.”

ఆ మాటకు నిజంగానే ఏడుపొచ్చింది. ఇప్పుడు ఆయన లేడు. ఆ గొంతు మాత్రం అట్లాగే వినిపిస్తుంది.

షామియానా కింద నుంచి మామ బయటికొచ్చాడు. తలపాగా లేదు, భుజాన అరటాకు. పెండ్లి ఆగిపోతుందేమోనని మా నాయన రెండు చేతులూ జోడించాడు. మామ కారును ఎగాదిగా చూశాడు.

“చవకదే ఇట్ల పోతే, ఆ రాజులు ఎట్ల బతికినారప్పా!”

మంటపమంతా నవ్వింది. ముహూర్తానికి ముందే పెండ్లికొడుకును దించిన డ్రైవరు మా వంశంలో నేనొక్కడినే.

అరటాకుల సాక్షిగా ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను: ఇక ఏ బండి చరిత్రయినా, బండి ఆపి, తాళం తీసి, కిందికి దిగాకే చెబుతాను. అదీ, వినేవాడు వియ్యంకుడు కాకపోతేనే!