ఆలస్యమైన చంద్రుడు

నా చిన్నప్పుడు మా నాయిన ఇంట్లో ఉన్న రోజులకన్నా దారిలో ఉన్న రోజులే ఎక్కువ. హుమ్నాబాద్ నుంచి బొంబాయి వైపు లారీ నడిపేవాడు. బీదర్‌లోని మా ఇంట్లో అమ్మ, నేను, మా మేనత్త ఉండేవాళ్లం. మేనత్త బడిలో సైన్సు టీచరు. పగలు కన్నడంలో చెప్పిన పాఠాన్నే సాయంత్రం నాకు తెలుగులో కథగా చెప్పేది. ఆకాశం సంగతులంటే ఆమెకు ప్రాణం. పైచదువులు చదవాలని ఎంతో ఆశపడింది గాని, తాతయ్య పోయాక ఇంటి బరువు ఆమె మీద పడింది.

ఒక ఏడు క్రిస్మస్ ఆరాధనలో మొదటిసారి నేనొక్కదాన్నే పాట పాడాలి. తప్పకుండా వస్తానని నాయిన మాటిచ్చి వెళ్లాడు. పాడుతున్నంతసేపూ అతని కోసమే వెతుక్కున్నాను. రాలేదు. ఇంటికొచ్చి కొత్త గౌను విప్పేసి, గోడవైపు తిరిగి పడుకున్నాను. అమ్మ ఎంత బతిమాలినా అన్నం ముట్టలేదు. నాయినకు నేనంటే ఇష్టం లేదని ఏడ్చాను.

మేనత్త నన్ను ఓదార్చలేదు. ఆ మధ్యాహ్నమే చెయ్యి పట్టుకుని ఊరి చివర మిట్ట అంచుకు తీసుకెళ్లింది. అక్కడి నుంచి చూస్తే కింద ఎర్రరాయి తీసే చోటు కనిపిస్తుంది. దూరంగా ఒకతను సమ్మెటతో రాయి కొడుతున్నాడు.

"సప్పుడు ఎప్పుడొస్తదో సూడు బిడ్డా," అంది.

సమ్మెట రాయి మీద పడింది. చప్పుడు లేదు. అతను మళ్లీ సమ్మెట పైకెత్తాక 'ఠంగ్' మని వినబడింది. ఏడుపు మరిచిపోయి, ఇంకోసారి, ఇంకోసారి అని చూస్తూ నిలబడ్డాను.

"ఆయన ఆలిశం చేస్తుండా అత్తమ్మా?"

"లేదమ్మా. దెబ్బ ఎప్పుడో పడ్డది. మన దాకా రానీకె టైం పడ్తాంది."

అక్కడే ఒక బండ మీద కూర్చుని ఆమె కథ ఎత్తుకుంది. గురుగ్రహం చుట్టూ తిరిగే చంద్రుళ్లలో ఒకటి గ్రహం నీడలోకి వెళ్లి, లెక్క ప్రకారం బయటికి వచ్చేది. కానీ మన భూమి గురుడికి దూరంగా జరిగినప్పుడల్లా ఆలస్యంగా కనిపించేది. ఎన్నో ఏళ్ల కిందట ఒకాయన దాని గురించి ఆలోచించి, చంద్రుడు వేళ తప్పలేదన్నాడు. వెలుగు కూడా దారి నడిచే రావాలి, దూరం పెరిగితే ఆలస్యమవుతుందన్నాడు. పెద్దపెద్ద వాళ్లే ఒప్పుకోలేదట. ఆకాశం గురించి మనుషులు తెలుసుకున్న గొప్ప సంగతులన్నింటిలో తనకు ఇదే గొప్పదని మేనత్త అనేది. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుందన్నదానికన్నా కూడానా అంటే, ఔననేది. ఆ చంద్రుణ్ణి ఒక్కసారి కళ్లారా చూడాలని ఉందంది.

నాయిన పండుగ వెళ్లిపోయాక వచ్చాడు. సోలాపూర్ అవతల లారీ చెడిపోయిందట. చొక్కా నిండా నూనె మరకలు, మాసిన గడ్డం. నేను దగ్గరికి వెళ్లలేదు. గడప దగ్గరే కూర్చుని, తలెత్తకుండా అన్నాడు:

"నువ్వు పాడే యాళ్లకు నేను గూడ లారీల కూసొని అదే పాట పాడిన బిడ్డా. నాకు సగమే వస్తది. ఆ సగమే మళ్ల మళ్ల పాడిన."

వెళ్లి ఆ నూనె చొక్కాకే ముఖం ఆనించాను. మిగిలిన సగం ఆ సాయంత్రమే నేర్పాను.

నాయిన పోయి చాలా ఏళ్లయింది. ఆ తర్వాత మేనత్తా ఆ చంద్రుణ్ణి చూడకుండానే పోయింది. మొన్నామధ్య కలబురగిలో ఒక కాలేజీ వాళ్లు మైదానంలో టెలిస్కోపు పెట్టి, పొద్దుగూకగానే అందరికీ గురుగ్రహం చూపించారు. పక్కన వరుసగా సన్నటి చుక్కలు. అందులో ఆమె చంద్రుడు ఏదో నాకు తెలియలేదు. చూపించడానికి ఆమె లేదు. "అమ్మా, మాకు సుత జర సూడనియ్యండ్రి," అని వెనకనున్నామె అనేదాకా కన్ను తీయలేకపోయాను.

ఇప్పటికీ మా ఇంట్లో ఎవరైనా వస్తామన్న వేళకు రాకపోతే, నేను కోపం తెచ్చుకోను. ఎంత దూరం నుంచి వస్తున్నారో అనుకుని అన్నం మూతపెట్టి ఉంచుతాను. ఇంత ఓపిక నాకు నేర్పిన మనిషికి మాత్రం, ఆమె చూడాలనుకున్నది నేను చూశానని చెప్పుకోలేకపోయాను.