అడిగి చాపిన పడుగు

ఆదివారం పేపర్లో ఒక వకీలుగారు పాఠకుల ప్రశ్నలకు జవాబులు రాసేవారు. కొత్తగా వచ్చిన తీర్పు ఒకటి చెప్పి, దాన్నిబట్టి మన సంగతేమిటో తేల్చేవారు. తొంభైల మొదట్లో నాకు సినిమా పేజీ కంటే అదే ఇష్టం. నల్లగొండలో డిగ్రీ చదివి, చౌటుప్పల్ దగ్గరి మా ఊరి బడిలోనే టీచరుగా చేరాను. నేత వాడలో ఎవరికి అనుమానమొచ్చినా మా అరుగు మీదికే వచ్చేవారు. దుకాణం కిరాయికి తీసుకున్నాయన పోతే పెళ్లాన్ని మర్నాడే వెళ్లగొట్టొచ్చా? కిరాయి చట్టం ఉన్న పట్నంలో అట్లా కుదరదు, ఆ హక్కు వారసులకూ వస్తుందని సుప్రీంకోర్టు చెప్పింది. నేను చెప్పే తీరుకు, వచ్చినవాళ్లు అసలు తగువు మరిచి నాతో పెట్టుకునేవారు. అది వేరే సంగతి.

మా వాడకే తగువొచ్చిన ఏడు ఒకటుంది.

మగ్గానికి ఎక్కించే ముందు పడుగును, అంటే నిలువు దారాలను, బారుగా చాపి, గంజి పట్టించి, కుంచెతో దువ్వాలి. దానికి పొడుగాటి ఖాళీ జాగా కావాలి. మా ఇళ్ల ముందున్న జాగా నానీమాది. వాడంతా ఆ ముసలామెను అట్లాగే, ఉర్దూలో అమ్మమ్మా అని, పిలిచేది. పొద్దున్నే ఆమె గోడ పక్కన మా పడుగులు ఆరేవి. మా తాత కాలం నుంచీ అంతే. ఆ ఏడు ఆమె కొడుకు వచ్చి అక్కడ ముగ్గు పోయించాడు. రోడ్డు మీద ఫ్యాక్టరీలు వచ్చాయి కదా, పనివాళ్లకు కిరాయికిచ్చే గదులు కడతాడట. జాగా పోతే మగ్గం ఆగినట్టే. నాయినకు అన్నం సహించలేదు.

నాకు మాత్రం ధైర్యంగానే ఉంది. అలాంటి తీర్పే పేపర్లో చదివాను. ఒకరి జాగాను ఇరవై ఏళ్లు అందరికీ తెలిసేలా, అడ్డం లేకుండా, హక్కుగా వాడుకుంటే ఆ వాడకాన్ని ఆపలేరు. నాయినను బస్సెక్కించి నల్లగొండలో వకీలు దగ్గరికి తీసుకుపోయాను.

వకీలు అంతా విని, "ఆ జాగా వాడుకునేందుకు మీరు ఎప్పుడన్నా ఆమె అనుమతి అడిగారా?" అన్నాడు.

నాయిన ఛాతీ విరుచుకుని కూర్చున్నాడు. "ప్రతి యేడు అడుగుతం సార్! రంజాన్‌కు ముందు కొత్త చద్దర్ తీస్కపోయి, అమ్మా, ఈ యేడు సుత పడుగు సాపుకుంటమని అడుగుతం. మా నాయిన గూడ గట్లనే అడిగెటోడు. అడగకుంట ఒక్క పడుగు సాపలే."

వకీలు కలం మూత పెట్టేశాడు. హక్కుగా వాడుకుంటేనే ఆ తీర్పు పనికొస్తుందట. అడిగి వాడుకుంటే అది ఎదుటివాళ్ల దయ. ఎన్నేళ్లయినా దయ హక్కు కాదట. మర్యాద తెలియనివాళ్లకు హక్కు, మర్యాదస్తులకు మొండిచెయ్యి! ఆ మాట వకీలు ముఖం మీదే అన్నాను. తీర్పు నేను రాయలేదమ్మా అన్నాడాయన.

బస్సులో ఊరుకోలేదు. "జర నోరు మూసుకుంటే ఏమైతుండె నాయినా?"

"మూసుకుంటె రేపు ఆమె మొఖం ఎట్ల సూస్త బిడ్డా?"

"మొఖం సూస్కుంటనే కూసో. మగ్గం అటకెక్కించు."

"ఎక్కిస్త తియ్యి. నీ నోటికి భయపడి అదే ఎక్కుతది."

దిగగానే తిన్నగా నానీమా ఇంటికే నడిచాను. నాయిన వెనక నుంచి వద్దు వద్దంటూనే వచ్చాడు. ఆమె మంచం మీద కూర్చుని తమలపాకుకు సున్నం రాస్తోంది.

"వకీల్ సాబ్ వచ్చింది! కోర్టుకు పోయినవంట కదా, నా మీద?"

"పోయిన. వకీలు మీరే గెలుస్తరన్నడు. గీ జాగా ఎవరి పేరున ఉన్నది నానీమా?"

"నాదే. పెండ్లి నాడు మెహర్ కింద రాసిచ్చిండు మా ఆయన."

"గట్లయితే మీరు ఊ అనంది మీ కొడుకు ఇటుక పెట్టలేడు. ఆయన అడిగిండా మిమ్మల్ని?"

సున్నం రాసే వేలు ఆగింది. "లే," అంది. తర్వాత నాయిన వైపు చూసింది. "వీడు చద్దర్ తెచ్చి అడుగుతడు. కడుపున పుట్టినోడు అడగలే."

కొడుకును పిలిచి ఏమందో నాకు సగమే అర్థమైంది. ఆ ఉర్దూ మా బడిలో చెప్పేది కాదు. గదులు ఇంటి వెనక, రోడ్డు వైపుకు మారాయి.

నాయిన దండం పెట్టి లేవబోయాడు. నేను లేవలేదు. "ఇది కాగితం మీద రాసియ్యాలె నానీమా."

"నా మాట చాలదా?"

"మీ మాట చాలు. మీ తర్వాతోళ్ల మాటనే చాలదు."

"నేను సచ్చేదాంక సుత ఆగవా, జబాన్‌దరాజ్ పిల్లా, ఎంత నోరే నీకు!" అని తిట్టింది. నాయిన సిగ్గుతో తలకాయ ఎత్తలేదు. అయినా వారం తిరక్కుండా నానీమా తానే రిక్షా పిలిపించి, రిజిస్ట్రారు ఆఫీసుకు వచ్చి వేలిముద్ర వేసింది. గోడ పక్కన ఆ జాగాలో పడుగు చాపుకునే హక్కు మా వాడకు ఎప్పటికీ ఉంటుందని దస్తావేజు. ఆమె పోయాక ఆ ఆస్తి చేతులు మారింది. కొన్నవాళ్లు గేటు పెట్టబోతే ఆ కాగితమే ఆపింది. పేపర్లోని తీర్పులు చదివినందుకు నాకు దక్కిన ఫలితం అదొక్కటే, అది చాలు.

కానీ నాకు గుర్తొచ్చేది దస్తావేజు రాసిన మరుసటి ఏడు. రంజాన్ ముందు నాయిన కొత్త చద్దర్ మడిచి చంకలో పెట్టుకున్నాడు.

"మళ్ల ఎటు? ఇప్పుడది మన హక్కు నాయినా! హక్కును ఎవరన్న అడుక్కుంటరా?"

"హక్కు పెట్టెల ఉన్నది గదనే. అదేడికి పోతది?" అంటూ నడిచాడు. గొణుగుతూ వెంట పోయాను.

గడప దగ్గర నిలబడి ఎప్పటిలాగే అన్నాడు: "అమ్మా, ఈ యేడు సుత పడుగు సాపుకుంటం."

నానీమా చద్దర్ తీసుకుని, అంచు వేళ్లతో తడిమి చూసి, గడ్డంతో నన్ను చూపించింది.

"నన్నెందుకు అడుగుతవ్ బేటా? గా వకీల్ సాబ్‌ను అడుగు. ఆమె ఒప్పుకుంటే సాపుకో."