ఉప్పు చూసి పెట్టండి పెద్దమ్మా

వచ్చేసింది. నాకు డాక్టరేట్ వచ్చేసింది. యూనివర్సిటీ నుంచి ఇప్పుడే ఫోన్ చేసి చెప్పారు. కూలికి వెళ్ళి బతికిన మా ఇంట్లో డిగ్రీ మొహం చూసిన మొదటి మనిషిని నేనే. జుట్టు నెరిశాక ఇప్పుడు పేరుకు ముందు డాక్టర్ అని కూడా రాసుకోబోతున్నాను. ఒంటరిగా మిగిలిన పెద్దవాళ్ళు తిండి ఎందుకు మానేస్తారు, మళ్ళీ ఎప్పుడు ముద్ద నోట పెడతారు అన్నది నా పరిశోధన. దానికోసం బాపట్ల, రేపల్లె వీధులన్నీ తిరిగాను, సూర్యలంకలో వలలు ఆరేసుకునే ముంగిళ్ళలో కూర్చున్నాను. ఈ విషయమే ఎందుకు పట్టుకున్నావని చాలామంది అడిగారు. ఏదో చెప్పి తప్పించుకున్నాను. ఇవాళ సంతోషంలో నోరు ఆగడం లేదు, చెప్పేస్తాను.

నా చిన్నప్పుడు మేం తెనాలిలో, రైలుకట్టకి అవతల, రెండు గదుల పెంకుటింట్లో ఉండేవాళ్ళం. ఎనభైల్లో ఒక ఎండాకాలం మా తాతయ్య పోయాడు. చర్చివాళ్ళు ఆదరణ కూడిక పెట్టి, పాటలు పాడి, ప్రార్థన చేసి వెళ్ళారు. ఆ మర్నాటి నుంచి మా నాయనమ్మ తినడం మానేసింది. ఏడవలేదు, ఎవరి మీదా అలగలేదు. పెళ్ళయిన నాటినుంచి తాతయ్యకి వడ్డించాకే తను కంచం ముందు కూర్చునేది. ఇప్పుడు వడ్డించడానికి ఆయన లేడు, కంచం తీయడానికి ఆమెకి చెయ్యి రాలేదు, అంతే. నాట్ల ముఠాలో అందరికన్నా ముందు నడిచే మనిషి మంచానికి అతుక్కుపోయింది.

అమ్మ బతిమాలింది, నాన్న కోప్పడ్డాడు. పాస్టరుగారు బన్ను, పాలు తెచ్చారు. డాక్టరు సెలైన్ ఎక్కించి, జబ్బేమీ లేదు, ఇలాగే తినకపోతే మాత్రం మనిషి దక్కదు అని నాన్నని పక్కకి పిలిచి చెప్పాడు. నేను గుమ్మం దగ్గరే ఉన్నాను, విన్నాను. ఆ రోజునుంచి బడి సెలవులన్న మాటే మర్చిపోయి నాయనమ్మ మంచం కోడు పట్టుకుని కూర్చునేదాన్ని.

అప్పుడే రంజాన్ నెల మొదలైంది. మా పక్కింటివాళ్ళు ముస్లిములు. ఆ ఇంటాయన పరుపులు కుట్టేవాడు. ఆయన భార్యని నేను పిన్ని అనేదాన్ని. ఒక సాయంత్రం పిన్ని కొంగుతో గిన్నె పట్టుకుని నేరుగా నాయనమ్మ దగ్గరికి వచ్చింది. ఎలా ఉన్నారని అడగలేదు, తినమని అనలేదు.

"ఉపవాసంలో ఉన్నాను పెద్దమ్మా, నాలుక మీద వేసుకోకూడదు. గంజిలో ఉప్పు సరిపోయిందో లేదో కాస్త చూసి పెట్టండి."

నాయనమ్మ ఆవిడ మొహం వైపు, గిన్నె వైపు చూసింది. తర్వాత లేచి కూర్చుని, చెంచాడు నోట్లో పోసుకుని, చాల్లేమ్మా బాగానే ఉంది అంది. గోధుమరవ్వ, పప్పు వేసి కాచిన గంజి అది. పిన్ని వెంటనే వెళ్ళలేదు. అడుగున ఉప్పు దిగిందేమో, అడుగునుంచి కూడా చూడండి అంది. మర్నాడు ఇంకొంచెం పెద్ద గిన్నె తెచ్చింది. ఆ తర్వాత గంజితో పాటు కూర కూడా వచ్చింది. రోజూ ఎండ వాలే వేళకి నాయనమ్మ కళ్ళు గుమ్మం వైపు తిరగడం నేను గమనించాను. అంతలోపల ముఖం కడుక్కుని, జుట్టు ముడేసుకుని ఉండేది.

ఒకరోజు తెచ్చిన గంజిలో ఉప్పు అసలు లేదు. చెంచా నోట్లో పెట్టగానే నాయనమ్మ ముఖం మారిపోయింది.

"ఇదేంటే పిల్లా? పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్ళు తాగని మనుషులు ఇది ఎట్టా తింటారే? నీకు వంట ఎవరు నేర్పారసలు?"

"మా అత్త నేర్పిందండి. ఆవిడకీ రాదు."

నాయనమ్మ నవ్వింది. తాతయ్య పోయాక అదే మొదటిసారి. మంచం దిగి, గోడ పట్టుకుని, పిన్ని వెనకాలే వాళ్ళ వంటింట్లోకి నడిచింది. నేనూ వెనకే పరిగెత్తాను. పొయ్యి ముందు పీట వేసుకుని ఉప్పేసి, కలిపి, రుచి చూసి, మళ్ళీ వేసింది. పక్కనే పిన్ని చిన్నకూతురు కూర్చుని మధ్యాహ్నం మిగిలిన అన్నం తింటోంది. నాకంటే చిన్నది, దానికింకా ఉపవాసాలు లేవు. నాకు అనుమానం వచ్చింది. పెరట్లోకి వచ్చినప్పుడు పిన్నిని అడిగేశాను.

"రుచి చూడ్డానికి చెల్లి ఉందిగా పిన్నీ?"

ఆవిడ నా నోటి మీద చెయ్యి పెట్టింది. మసాలా వాసన వేసింది.

"ఉంది తల్లీ. దాన్ని అడిగితే మీ నాయనమ్మ మంచం దిగుతుందా? నువ్వు మాత్రం అనబాక."

పొద్దు కుంకగానే మసీదు నుంచి నమాజు పిలుపు వినబడింది. వాళ్ళు చేతులు చాచి దువా చేసుకున్నారు. నాయనమ్మ తలమీద కొంగు కప్పుకుని యేసయ్యకి తన ప్రార్థన తను చేసుకుంది. ముందు అందరికీ తనే గంజి పోసింది. తర్వాత తన గిన్నె నింపుకుని, నిమ్మకాయ బద్ద ఉందా అని అడిగింది. ఆ మాట విని గోడ అవతల మా అమ్మ ఏడ్చేసింది. ఆ ఏడు వానలు పడ్డాక నాయనమ్మ మళ్ళీ నాట్లకి వెళ్ళింది. నేను కాలేజీలో చేరేదాకా బతికింది.

అందుకే పరిశోధనకి వెళ్ళిన ప్రతి ఇంట్లో భోంచేశారా అని ముందు అడగలేదు. ఈ వారంలో మిమ్మల్ని ఎవరైనా ఏదైనా పని అడిగారా అని అడిగాను. చాలామంది వేళ్ళమీద రోజులు లెక్కపెట్టుకుని, లేదన్నారు. ఇప్పటికీ మంచాన పడ్డవాళ్ళని చూడ్డానికి వెళ్తే పళ్ళు పట్టుకెళ్ళను. పూలు మాల కట్టించుకోవడమో, చిరిగిన రవికకి కుట్టు వేయించుకోవడమో, ఏదో ఒకటి వాళ్ళ చేత చేయించుకునే వస్తాను.

ఇంకా ఎంతమందికి చెప్పాలో. రేపల్లెలో తమ్ముడికి ఫోన్ చెయ్యాలి, బస్సు నడుపుతుంటాడు, డ్యూటీ దిగాక. జంపనిలో ఆడపడుచుకి. సూర్యలంకలో నాకు జవాబులిచ్చిన మామ్మలకి, వాళ్ళకి ఫోన్లు లేవు, పక్కన బడ్డీకొట్టుకి చేసి పిలిపించాలి. పాస్టరమ్మగారికి. బాపట్లలో పిన్ని చిన్నకూతురికి. పిన్ని పోయి చాలా ఏళ్ళయింది. థీసిస్ మొదటి పేజీలో వాళ్ళమ్మ పేరు ఉందని ఆ పిల్లకి ఇంకా తెలియదు.