కిటికీ దగ్గర ఆల్ప్స్, గ్యారేజ్‌లో కరివేపాకు

ఆల్ప్స్ పర్వతాల్లో మేకలు కూడా ఎక్కలేని బండ సందుల్లోంచి ఈ మొక్కల్ని నా చేతులతో పెకలించి తెచ్చానని, అమెరికాలో మేముండే అరోరాలో నా ఈడువాళ్లందరికీ చెప్పాను. నిజానికి ఆల్ప్స్‌ని నేను విమానం కిటికీలోంచైనా చూడలేదు. యూరప్ మొక్కలు దిగుమతి చేసుకునే ఒక నర్సరీకి ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెడితే, అట్టపెట్టెలో గుమ్మం ముందుకొచ్చాయి. నేను పడ్డ శ్రమల్లా వంగి ఆ పెట్టె తీయడం. అదీ మా ఆవిడే తీసింది.

అవి సక్యులెంట్లు. దళసరి ఆకులు గులాబీ రేకుల్లా పేర్చుకుని, చూడ్డానికి కలబందకి దూరపు చుట్టాల్లా ఉంటాయి. పెట్టె మీద ‘హార్డీ’ అని రాసే ఉంది. చలికి ఓర్చే గట్టి పిండాలని తెలుసు. అయినా ఇంటికొచ్చిన పరదేశీలని ఇల్లినాయ్ మంచులో వదిలేస్తే మన మర్యాద ఏం కావాలి? చలి మొదలవగానే, ఎండ పడే ఒకే ఒక్క కిటికీ దగ్గరికి వాటిని చేర్చి, రోజూ గ్లాసుడు నీళ్లు పోశాను.

ఆ కిటికీ మా ఆవిడ కరివేపాకు కుండీది. మా వీధి తెలుగువాళ్ల పోపులన్నిటికీ అదే ఆధారం. ఆవిడ కమ్మింగ్ అనే ఊళ్లో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్లిన అదను చూసి, కుండీని గ్యారేజ్ మూలకి జరిపాను. మన మొక్కే కదా, సర్దుకుపోతుందనుకున్నాను. ఫోన్‌లో అడిగినప్పుడల్లా “అడవిలా పెరిగిందోయ్” అన్నాను. అటు తొంగి చూస్తే ఒట్టు.

ఆవిడ తిరిగొచ్చిన సాయంత్రమే ఎదురింటి అమ్మాయి వచ్చింది.

“ఆంటీ, రెండు రెబ్బలు కరివేపాకు ఇస్తారా? ఉప్మా చేస్తున్నా.” అంతలో కిటికీ వైపు చూసింది. “అదేంటి అంకుల్, వీటిని లోపల పెట్టారు? మా యార్డ్‌లో స్నో కిందే హ్యాపీగా ఉంటాయి. ఇలా రోజూ వాటర్ చేస్తే రాట్ అయిపోతాయి.”

నిజమే. నా అతిథులు మెడలు సాగి, మొదళ్లు కుళ్లి ఉన్నాయి.

“నా కుండీ ఏది?” అంది మా ఆవిడ.

గ్యారేజ్ తలుపు తీశాను. ఆకన్నది లేదు. పుల్లలు.

“కూరలో కరివేపాకులా తీసిపారేశారని అనడం విన్నాను గానీ, కరివేపాకునే అలా తీసిపారేసిన మనిషిని మిమ్మల్నే చూశాను” అంది.

గోటితో కాండం గీరింది. ఎండు. ఇంకా కిందికి గీరింది. వేరు దగ్గర ఒక్క పచ్చటి చార. కుండీని కిటికీ దగ్గరికి మోసుకెళ్లింది. నా సక్యులెంట్లలో మిగిలిన నాలుగూ గ్యారేజ్‌కి వెళ్లి, ఆ చలిలో తేరుకున్నాయి. కరివేపాకు మాత్రం చలికాలమంతా మోడుగానే ఉంది. ఆవిడ పోపు పెట్టినప్పుడల్లా ఒకసారి దానివైపు, ఒకసారి నావైపు చూసేది.

ఏప్రిల్‌లో ఆ మోడు మొదలు దగ్గర చిగురొచ్చింది. ఎదురింటి అమ్మాయి చూసి ఆశ్చర్యపోయింది.

“నేనే కావాలని మోడు చేశానమ్మా” అన్నాను. “అలా చేస్తే గుబురుగా వస్తుంది. సైంటిఫిక్ మెథడ్.”

వంటింట్లోంచి మా ఆవిడ దగ్గింది.

“చంపబోయానమ్మా” అన్నాను. “ఈ ఏడాదికి మాత్రం ఆకు అడక్కు.”