మండలం అటు, రేవు ఇటు: జానకి బడికి దారి వెతికిన రోజు

మా పెద్దమ్మాయి జానకి ఉద్యోగంలో చేరుతోందండోయ్! సోమవారమే! ఈ మాట ముందు చెప్పకపోతే నాకు కుదురుండదు, అందుకే చెప్పేశాను. ఇక దారి సంగతి. గోదావరి లంకల్లో ఉద్యోగం వచ్చి, ఎలా వెళ్ళాలో తెలియక కాగితం పట్టుకుని కూర్చున్నవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను. నేను చదివింది ఏడో తరగతి. తప్పులుంటే సర్దుకోండి.

జానకికి టీచరు పోస్టు వచ్చింది. ఊరు పాలగట్టు లంక, ఐ.పోలవరం మండలం, అమలాపురం డివిజను, తూర్పు గోదావరి జిల్లా. చుట్టూ గౌతమి నీళ్ళే. మా పిల్లకి చిన్నప్పుడు పోలియో వచ్చి కుడికాలు మోకాలి దగ్గర వంగదు. రోజూ పడవ ఎక్కి దిగాలి. "నీళ్ళలో పడితే ఎవరు చూస్తారు? ఇక్కడి ప్రైవేటు బడే చాలు" అని మా ఆవిడ. "సోమవారం చేరకపోతే పోస్టు పోతుంది నాన్నా" అని జానకి. ఇద్దరి మధ్య నాకు అన్నం దిగలేదు. నిన్న తెల్లారి ఐదున్నరకల్లా గొడుగు పట్టుకుని రాజమండ్రి బస్టాండులో ఉన్నాను.

కాగితంలో మండలం పేరుంది కదా అని మండలం మీదుగానే బయల్దేరాను. అదే నేను చేసిన తప్పు. రావులపాలెం దగ్గర గౌతమి వంతెన దాటితే కోనసీమలో పడతాం: ఒక పక్క గౌతమి, ఇంకో పక్క వశిష్ఠ, నడుమ వైనతేయ, దక్షిణాన సముద్రం. రావులపాలెంలో అరటిగెలల లారీలు అడ్డంపడి బస్సు ఇరవై నిమిషాలు ఆగింది. నేను దిగడం, ఎక్కడం, మళ్ళీ దిగడం. "కూర్చోండి మాస్టారూ, మీరు నడిస్తే బస్సు కదల్దు" అన్నాడు కండక్టరు. అమలాపురానికి ముప్పై రూపాయలు. అక్కడినుంచి ముమ్మిడివరం మీదుగా మురమళ్ళకి పది, రేవుదాకా ఆటోకి ఇంకో పది. పదిన్నరకి ఆ రేవు చూసేసరికి నా ప్రాణం ఉసూరుమంది. పడవ గట్టుదాకా రాదు. మోకాలిలోతు బురదలో నడిచి ఎక్కాలి. కాస్త దూరం పోయాక ఇసుకమేట. దిగి అర కిలోమీటరు ఇసుకలో నడిచి ఇంకో పడవ ఎక్కాలి. నేనే రెండుసార్లు కూలబడ్డాను.

లంకలో బడి అరుగు మీద కూర్చుంటూ, లేస్తూ, జానకికి ఏమని చెప్పాలా అని కొట్టుకుంటుంటే, సత్తెమ్మ అని చేపలమ్మే ఆవిడ బుట్ట దించి పలకరించింది. సంగతంతా చెప్పాను. ముక్కున వేలేసుకుంది.

"అటునుంచి ఎందుకొచ్చారండి బాబూ! రేషన్ కార్డు సంతకాలకి తప్ప మేమే అటెళ్ళం. సంతకైనా, పురిటికైనా, సినిమాకైనా యానామేనండి."

"యానాం పాండిచ్చేరి వాళ్ళది కదమ్మా?"

"ఆ సంగతి గోదారికి తెలీదు కదండీ! రండి, చూపిస్తాను."

లంక తూర్పు అంచుకి తీసుకెళ్ళింది. బడి నుంచి సిమెంటు రోడ్డే. రెండువందల పదహారు అడుగులు, లెక్కపెట్టాను. అది కొబ్బరికాయలు ఎక్కించే రేవు. లోతు ఎక్కువ కాబట్టి నావ గట్టుకే ఆనుతుంది, బస్తాలు మోసేవాళ్ళ కోసం బల్ల వేస్తారు. నేను కుడికాలు కర్రలా బిగబట్టి, గొడుగు ఊతంగా పట్టుకుని ఎక్కాను. దిగాను. మళ్ళీ ఎక్కాను. నావ నడిపే వీర్రాజు చూసి చూసి, "ఏంటండి బాబుగారూ, ఎన్నిసార్లు ఎక్కినా టిక్కెట్టు మూడు రూపాయలేనండి, తగ్గదు!" అన్నాడు. అందరూ నవ్వారు. మా అమ్మాయి కాలు ఇలాగే ఉంటుందని చెప్పాను. వీర్రాజు ఇంకో బల్ల తెచ్చి మొదటిదాని పక్కన వేశాడు. "ఇప్పుడెక్కండి. టీచరుగారు కూర్చున్నాకే నావ కదుల్తాది, ఆయ్!" ఈసారి గొడుగు చంకలో పెట్టుకుని ఎక్కేశాను.

పావుగంటలో యానాం. అక్కడి రేవుకి మెట్లున్నాయి, పట్టుకోవడానికి ఇనపగొట్టం కూడా ఉంది. జానకి ఉండడానికి అక్కడే గది అద్దెకి దొరుకుతుందట. మూడింటి బస్సులో ద్రాక్షారామం, రామచంద్రపురం మీదుగా ఆరింటికల్లా ఇంట్లో ఉన్నాను, బస్సు మారకుండా. యానాంలో మందు చవక కదా, అక్కణ్ణుంచి వస్తున్నానంటే మా ఆవిడ మొదట నా నోరు వాసన చూసింది. జానకి మాత్రం "బల్లలు రెండూ కలిపి ఎంత వెడల్పు నాన్నా?" అంది. రెండు మూరలన్నాను. "అయితే సంచి సర్దుకుంటాను" అంది.

జిల్లా, డివిజను, మండలం అని గీతలు గీసినవాళ్ళని తప్పుపట్టను, ఎక్కడో ఒకచోట గీయాలి కదా. కానీ లంకలో మనుషులు నావ ఎటు ఆనితే అటే బతుకుతారు. అరవై ఎనిమిదేళ్ళు ఈ నీళ్ళు తాగి కూడా నాకిది తెలియలేదు. ఇప్పటికీ కూర్చోలేకపోతున్నాను, ఇది రాస్తూ నాలుగుసార్లు లేచాను. మీరు మాత్రం లంక ఊరికి వెళ్ళాలంటే మండలం పేరు చూసి బస్సెక్కకండి. ఆ ఊరి కొబ్బరికాయలు ఏ రేవులో దిగుతాయో కనుక్కుని ఆ రేవుకి వెళ్ళండి.

మనవాళ్ళెవరైనా ఇది చదివితే వెంటనే చెప్పాల్సినవాళ్ళు: కడియం చిన్నక్క, తణుకు మేనమామగారు, కాకినాడలో మా తోడల్లుడు, జానకికి మొదటి బూటు కుట్టించి తెచ్చిన కొవ్వూరు బాబాయి, పిఠాపురం వదినగారు. "ఆ కాలితో దానికి చదువెందుకురా" అన్న మా పెద్దన్నయ్యకి మాత్రం ఎవరూ ఫోన్ చెయ్యకండి. ఆలమూరు వెళ్ళి నేనే చెబుతాను.